అక్వేరియం చేపల వర్ణనలు: లక్షణదోష పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒకదానినొకటి పోలిన చిన్న మంచినీటి చేపలను వేరుచేసి చెప్పడానికి అక్వేరియం పుస్తకాలు, వర్తకుల జాబితాలు ఎక్కువగా రంగును ఆశ్రయిస్తాయి. అలాంటి వర్ణనలు నిర్వచనాలుగా ఎంతవరకు నిలుస్తాయో భారతీయ తర్కశాస్త్రం చెప్పిన అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే దోషాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నియాన్ టెట్రాలు, ఎర్రమూతి టెట్రాలు, డానియోలు, డెనిసన్ బార్బ్‌లు ఇందులో ఉదాహరణలు. రంగు స్వరూపలక్షణం కాదనీ, అది తటస్థలక్షణం మాత్రమేననీ, ఆ సంగతి చెప్పని వర్ణన చూపరిని తప్పుదారి పట్టిస్తుందనీ ఈ పరిశీలన నిరూపిస్తుంది.

కీలకపదాలు: అక్వేరియం చేపలు, వర్ణన, లక్షణదోషాలు, తటస్థలక్షణం, నియాన్ టెట్రా, జీబ్రా చేప, డెనిసన్ బార్బ్.

1. ప్రవేశిక

వర్ణనను విమర్శించేవారికి కావ్యమే క్షేత్రమన్న భావన మన విమర్శలో స్థిరపడింది. ప్రకృతిశాస్త్ర గ్రంథాల్లోని వర్ణనను సమాచారంగా స్వీకరిస్తాం తప్ప, దాని నిర్మాణాన్ని పరీక్షించం. నిజానికి పరీక్ష అవసరం అక్కడే ఎక్కువ. కావ్యంలో ముఖాన్ని చూసి పద్మమని భ్రమపడితే అది రసపోషకమవుతుంది. ఒక జాతి చేపను చూసి మరొక జాతి అనుకుంటే దాని ఫలితం చేప మీద, దానిని పట్టి బతికేవారి మీద, దాని ఆధారంగా లెక్కలు వేసేవారి మీద పడుతుంది.

పోలిక వల్ల భేదం కనబడకపోవడాన్ని ఆలంకారికులు సూక్ష్మంగా ఆలోచించారు. అప్పయ్య దీక్షితుల కువలయానందంలో సామాన్యం, విశేషకం అనే రెండు అలంకారాలు పక్కపక్కన కనిపిస్తాయి. పద్మాల కొలనులో దిగిన స్త్రీల ముఖాలు పద్మాల మధ్య విడిగా తెలియకపోవడం సామాన్యం. చంద్రోదయమయ్యాక పద్మాలు ముడుచుకొని, ముఖాలు వేరుగా తెలియడం విశేషకం. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. భేదం తెలిసింది చూపు పదునెక్కడం వల్ల కాదు, పరిస్థితి మారడం వల్ల. ఏ పరిస్థితిలో చూస్తే ఏ భేదం తెలుస్తుందో చెప్పడం వర్ణన బాధ్యత. అక్వేరియం వర్ణనలు విస్మరించేది ఈ బాధ్యతనే.

2. పరీక్షకు ప్రమాణం

లక్షణానికి తర్కశాస్త్రం మూడు దోషాలు చెప్పింది. తర్కసంగ్రహ సంప్రదాయంలో గోవే దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. కపిలవర్ణం గోవు లక్షణమంటే తెల్లావు, నల్లావు వెలుపల ఉండిపోతాయి. ఇది అవ్యాప్తి. కొమ్ములుండటం లక్షణమంటే గేదె కూడా లోపలికి వస్తుంది. ఇది అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట లక్షణమంటే అది ఏ గోవుకూ వర్తించదు. ఇది అసంభవం. గంగడోలు ఉండటమే గోవుకు నిర్దుష్టమైన లక్షణమని ఆ సంప్రదాయం తేల్చింది.

వేదాంతులు దీనికి మరొక విభజన చేర్చారు. వస్తువు స్వభావాన్నే చెప్పేది స్వరూపలక్షణం. వస్తువులో భాగం కాకపోయినా దానిని చూపించడానికి పనికివచ్చేది తటస్థలక్షణం. దేవదత్తుని ఇల్లు ఏదని అడిగితే కాకి వాలిన ఇల్లని చూపడం ఇందుకు ఉదాహరణ. ఆ మాట అబద్ధం కాదు, ఆ క్షణానికి ఉపయోగపడుతుంది కూడా. కాకి ఎగిరిపోయాక మాత్రం అదే మాట పట్టుకొని వెళ్లినవాడు వేరే ఇంటి తలుపు తట్టవచ్చు. అక్వేరియం చేపల వర్ణనల్లో రంగు స్థానం ఇదే.

3. నియాన్, కార్డినల్, ఆకుపచ్చ నియాన్

అక్వేరియం ప్రియులకు అత్యంత పరిచితమైన చేపల్లో నియాన్ టెట్రా ఒకటి. అమెజాన్ ఎగువ ప్రాంతానికి చెందిన ఈ చేపను 1936లో జార్జ్ మయర్స్ శాస్త్రీయంగా వర్ణించాడు. దీనికి దగ్గర బంధువులు రెండున్నాయి. ఒకటి రియో నీగ్రో, ఒరినోకో ఎగువ జలాలకు చెందిన కార్డినల్ టెట్రా. రెండవది 1963లో జాక్ జెరీ వర్ణించిన ఆకుపచ్చ నియాన్. వేర్వేరు ప్రజాతుల పేర్లతో తిరిగిన ఈ మూడింటినీ 1983లో వైట్జ్‌మన్, ఫింక్ అనే శాస్త్రవేత్తలు పారాకైరోడాన్ అనే ఒకే ప్రజాతి కిందికి తెచ్చారు.

'నీలి చార, దాని కింద ఎరుపు ఉన్న చిన్న చేప' అన్నది నియాన్‌కు వాడుకలో ఉన్న వర్ణన. ఇది మూడు జాతులకూ వర్తిస్తుంది కనుక అతివ్యాప్తి. దీనిని సరిదిద్దడానికి సాధారణంగా పరిమాణాన్ని జోడిస్తారు. మూడింటిలో కార్డినల్ పెద్దది, ఆకుపచ్చ నియాన్ చిన్నది అంటారు. పూర్తిగా ఎదిగిన చేపల విషయంలో ఇది నిజం. దుకాణాలకు ఎక్కువగా వచ్చేవి ఎదగని పిల్లలు. పిల్ల కార్డినల్, ఎదిగిన నియాన్ ఒకే నిడివిలో ఉండవచ్చు. కాబట్టి పరిమాణాన్ని జోడిస్తే అతివ్యాప్తి పోకపోగా అవ్యాప్తి వచ్చి చేరుతుంది. ఇక పెంపకందారులు తొట్లలో వృద్ధిచేసిన 'డైమండ్ నియాన్' రకంలో ఆ నీలి చారే సరిగా ఉండదు. అది నియాన్ జాతిదే అయినా నియాన్ వర్ణనకు వెలుపల నిలబడుతుంది.

మెరుగైన వర్ణన రంగుల పేర్లు చెప్పి ఆగదు, అవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెబుతుంది. నియాన్‌లో ఎరుపు శరీరం నడిమి నుంచి మొదలై తోక మొదలు దాకా సాగుతుంది. ముందుభాగంలో పొట్ట వెండిరంగులో ఉంటుంది. కార్డినల్‌లో ఎరుపు తల వద్ద మొదలై శరీరం దిగువ భాగమంతా పరచుకుంటుంది. ఆకుపచ్చ నియాన్‌లో ఎరుపు మసకగా ఉంటుంది, నీలి ఆకుపచ్చ చార మాత్రం తోక మొదలు వరకూ సాగుతుంది. నియాన్‌లో నీలి చార వీపు వాజం వెనుకనున్న చిన్న కొవ్వు వాజం దాపులోనే ముగుస్తుంది. 'ఎరుపు ఎక్కడ మొదలవుతుంది? నీలం ఎక్కడ ముగుస్తుంది?' అన్న రెండు ప్రశ్నలు కలిపి అడిగితే ఈ మూడూ విడిపోతాయి. విడివిడిగా చాలని రెండు గుర్తులు కలిసినప్పుడు చాలుతున్నాయి.

ఇంత చేసినా ఈ లక్షణం తటస్థమే. ఈ చేపల నీలం రంగుద్రవ్యం వల్ల ఏర్పడినది కాదు. చర్మకణాల్లో పొరలు పొరలుగా అమరిన గ్వానిన్ స్ఫటికాలు కాంతిని పరావర్తనం చేయడం వల్ల ఏర్పడేది. ఆ పొరల మధ్య దూరం మారితే రంగు మారుతుంది. అందుకే వెలుతురులో నీలి ఆకుపచ్చగా మెరిసే నియాన్ చార చీకట్లో ఊదా వైపు జారుతుంది. రాత్రివేళ ఎరుపు కూడా వెలవెలబోతుంది. బెదిరిన చేపలోనూ, జబ్బుపడిన చేపలోనూ ఇదే జరుగుతుంది. ప్రయాణపు సంచిలోంచి అప్పుడే తొట్టిలోకి వదిలిన చేపను పట్టుకొని రంగు వర్ణనతో పోల్చేవారికి కాకి అప్పటికే ఎగిరిపోయింది. దీనికి భిన్నంగా, మితిమీరి రంగు దిద్దిన ప్రకటన చిత్రాల్లోని మెరుపు ఏ తొట్టిలోని ఏ చేపకూ ఉండదు. అది కేవలం అసంభవ దోషం.

ఈ గుర్తింపు వెనుక ఉన్నది వినోదం మాత్రమే కాదు. దుకాణాల్లోని నియాన్‌లు దాదాపు అన్నీ పెంపకకేంద్రాల్లో పుట్టినవి. కార్డినల్ మాత్రం బ్రెజిల్‌లో రియో నీగ్రో ఒడ్డునున్న బార్సెలోస్ ప్రాంతపు కుటుంబాలకు తరాలుగా జీవనాధారం. మునిగిన అడవుల నుంచి పట్టే ఈ చేపకు గిరాకీ ఉన్నంతకాలం ఆ అడవిని నిలుపుకోవడానికి అక్కడివారికి ఒక కారణం ఉంటుందన్న ఆలోచనతో పియాబా ప్రాజెక్టు పనిచేస్తోంది. ఒక చేప అమ్మకం ఒక అడవికి మేలు చేస్తుంది, మరొక చేప అమ్మకానికి ఆ అడవితో సంబంధమే లేదు. ఆ రెండింటినీ 'నియాన్' అన్న ఒకే చీటీ కింద కలిపిన వర్తకుడు కొనేవానికి ఆ ఎంపికే లేకుండా చేస్తున్నాడు. తొట్టిలోని నీటి సంగతి సరేసరి. కార్డినల్‌కు నియాన్ కంటే కొంత వెచ్చని నీరు అనుకూలం.

4. ఎర్రమూతి టెట్రాలు: 'నకిలీ' అన్న తీర్పు

ఎర్రని మూతి, తోక మీద నలుపు తెలుపు పట్టీలు ఉన్న టెట్రాలు మూడు జాతులు. మొదటిది 1924లో ఎర్న్‌స్ట్ ఆల్ వర్ణించిన హెమిగ్రామస్ రోడోస్టోమస్. రెండవది 1964లో జెరీ, బూతియేర్ వర్ణించిన పెటిటెల్లా జార్జియే. మూడవది 1986లో జెరీ, మానెర్ట్ వర్ణించిన హెమిగ్రామస్ బ్లెహరి. ఇంగ్లీషు వ్యాపారనామం మూడింటికీ ఎర్రమూతినే గుర్తుగా తీసుకుంది. ఇక్కడ అతివ్యాప్తి వర్ణనలో కాదు, పేరులోనే ఉంది. పేరే మూడింటికీ వర్తిస్తున్నప్పుడు ఆ పేరును వివరించే వర్ణన ఏ ఒక్కదానినీ నిర్దేశించలేదు.

ఈ చిక్కును తప్పించుకోవడానికి వ్యాపారలోకం పెటిటెల్లాను 'నకిలీ ఎర్రమూతి' అన్నది. విమర్శకు ఇది చాలా ఆసక్తికరమైన పదప్రయోగం. ఏ జాతీ మరొక జాతికి నకిలీ కాదు. ఆ చేప తన నదిలో తానుగా ఉన్నది. అక్వేరియం ప్రియులకు మొదట పరిచయమైనది 'అసలు' అయింది, తరువాత తెలిసింది 'నకిలీ' అయింది. చూపరి జ్ఞానంలోని వరుసక్రమం చేప స్వభావంగా చెలామణి అవుతోంది. 2020లో వెలువడిన జన్యు ఆధారిత అధ్యయనం ఈ మూడింటినీ పెటిటెల్లా ప్రజాతిలోనే చేర్చాలని ప్రతిపాదించింది. అంటే నకిలీ అనిపించుకున్న చేప ఇంటిపేరు కిందికే 'అసలు' చేప కూడా వచ్చింది. వర్ణనలో చొరబడిన తీర్పును తరువాతి శాస్త్రం తలకిందులు చేసిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఎరుపు గాఢతను బట్టి ఈ మూడింటినీ విడదీయాలన్న సలహా కూడా నిలవదు. నీటి నాణ్యత తగ్గినా, చేప బెదిరినా మూతి ఎరుపు పాలిపోతుంది. ఎరుపు గాఢత చేప జాతి కంటే దాని క్షేమసమాచారాన్నే ఎక్కువ చెబుతుంది.

5. చిరుత డానియో: లక్ష్యం లేని లక్షణం

పై ఉదాహరణల్లో దోషం ఉన్న భేదాన్ని చూడకపోవడం. దీనికి ఎదురుదోషం కూడా ఉంది. లేని భేదాన్ని చూడటం దాని స్వరూపం. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గ్రంథంలో వర్ణించిన జీబ్రా చేప, అంటే డానియో రెరియో, ఒంటి పొడవునా నీలి చారలతో ఉంటుంది. దానిని పోలి, చారలకు బదులు చుక్కలున్న చేప అక్వేరియంలలో కనిపించింది. స్వస్థలం తెలియని తొట్టి చేపల ఆధారంగా 1963లో హెర్మన్ మైన్కెన్ దానిని కొత్త జాతిగా ప్రకటించి ఫ్రాంకీ అని పేరు పెట్టాడు. వాడుకలో అది చిరుత డానియో అయింది.

కంటికి ఇంత స్పష్టమైన భేదం మరెక్కడా లేదనిపిస్తుంది. చుక్కలు వేరు, చారలు వేరు. అయితే ఈ రెండింటినీ జతకడితే పుట్టిన సంతానం తిరిగి సంతానాన్ని కంటుంది. చుక్కల లక్షణం అంతర్గతంగా ఉండి మరుసటి తరాల్లో బయటపడుతుంది. ఆ చుక్కలకు కారణం కనెక్సిన్ 41.8 అనే ప్రోటీన్‌కు సంబంధించిన ఒకే ఒక జన్యువులోని మార్పు అని 2006లో తేలింది. చర్మంలోని వర్ణకణాల మధ్య సంబంధాన్ని నడిపే ప్రోటీన్ అది. ఆ సంబంధం చెదిరితే చార తెగి చుక్కలవుతుంది. చిరుత డానియో వేరే జాతి కాదు, జీబ్రా చేపలోనే ఒక రూపభేదం. పరిశోధనశాలల్లో విరివిగా వాడే ఒక జీబ్రా చేపల వంశంలో ఈ మార్పు స్థిరంగా ఉంటుంది. హైదరాబాదులోని సీసీఎంబీతో సహా అనేక సంస్థలు జీబ్రా చేపను ప్రయోగాలకు వాడుతున్నాయి. అక్కడ చుక్కల చేపను వేరే జాతిగా లెక్కిస్తే ప్రయోగానికే అర్థం మారిపోతుంది.

ఈ దోషం తర్కశాస్త్రంలోని మూడింటిలో దేనికీ సరిగ్గా ఒదగదు. అసంభవంలో లక్ష్యం ఉంటుంది, చెప్పిన లక్షణం దానికి ఉండదు. ఇక్కడ లక్షణమైన చుక్కలు ప్రత్యక్షంగా ఉన్నాయి, లక్ష్యమైన ప్రత్యేక జాతి లేదు. దీనిని లక్ష్యశూన్యత అని వ్యవహరించవచ్చు. మనుషులు ఎంచి పెంచిన రకాలు ఎక్కువగా ఉన్న అక్వేరియం రంగంలో ఈ దోషానికి ప్రత్యేకంగా స్థానం కల్పించవలసి ఉంది.

ఈ కథకు మరొక మలుపు ఉంది. 1998లో ఫాంగ్ వర్ణించిన బర్మా చేపకు క్యాథిట్ అని పేరు పెట్టారు. బర్మా భాషలో ఆ మాటకు చిరుత అని అర్థం. నారింజ ఛాయ గల వాజాలు, ఒంటిమీద చుక్కలు ఉన్న ఆ చేప నిజంగా వేరే జాతి. 2009లో దానికి దగ్గరగా ఉన్న చారల చేపను క్వాగ్గా అన్న పేరుతో మరొక జాతిగా వర్ణించారు. అంతరించిన ఒక జీబ్రా రకానికి ఉన్న పేరు అది. వాడుకలో చిరుత అయిన చేప జాతి కాదు, శాస్త్రనామంలో చిరుత అయిన చేప జాతి. చుక్కలే ఒకచోట రూపభేదం, మరొకచోట జాతిలక్షణాల్లో భాగం. గుర్తు ఒక్కటే అయినా దాని విలువ సందర్భాన్ని బట్టి మారుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

6. పేరు: యౌగికం, రూఢి

అవయవార్థం వల్ల అర్థమిచ్చే పదం యౌగికం, వాడుక వల్ల అర్థం స్థిరపడినది రూఢి. చేపల పేర్లలో ఈ రెండింటికీ పోటీ నడిచింది. కార్డినల్ టెట్రాకు 1956 ఫిబ్రవరిలో రెండు పేర్లు దాదాపు ఒకేసారి వచ్చాయి. లియొనార్డ్ షుల్ట్జ్ పెట్టిన ఆక్సెల్‌రోడి అన్న పేరు 20వ తేదీన, మయర్స్, వైట్జ్‌మన్ పెట్టిన కార్డినాలిస్ అన్న పేరు 21వ తేదీన ప్రచురితమైనట్లు నమోదైంది. వివాదం అంతర్జాతీయ జంతునామకరణ సంఘం దాకా వెళ్లి, 1957లో మొదటి పేరే చెల్లుతుందని తేలింది. మొదటిది అక్వేరియం పత్రిక నిర్వాహకుడు హెర్బర్ట్ ఆక్సెల్‌రాడ్ గౌరవార్థం పెట్టినది. రెండవది చేప ఎరుపును చెప్పేది. శాస్త్రంలో రూఢి గెలిచింది, బజారులో యౌగికం నిలిచింది. ఆకుపచ్చ నియాన్‌కు జెరీ పెట్టిన సిమ్యులాన్స్ అన్న పేరుకు అనుకరించేది అని అర్థం. పోలికనే పేరుగా చేసుకున్న చేప అది.

యౌగికనామం వర్ణన పని కూడా చేస్తుంది కనుక ఆకర్షణీయం. అయితే వర్ణన దోషాలన్నీ దానికి సంక్రమిస్తాయి. ఎర్రమూతి అన్న పేరు అందుకు నిదర్శనం. స్థానికుల పేర్లను స్వీకరించడం మూడవ మార్గం. హామిల్టన్ బెంగాలీ వాడుక పేర్లను శాస్త్రనామాల్లోకి తెచ్చాడు. ప్యాట్రిక్ రస్సెల్ 1803లో వెలువరించిన విశాఖపట్నం చేపల గ్రంథంలో సముద్రపు చేపలకు తెలుగు పేర్లు నమోదు చేశాడు. అందులో 'పార' అన్న మాట ముందు వేర్వేరు విశేషణాలు చేర్చిన పేర్లున్నాయి. సామాన్యాన్ని విశేష్యంగా నిలిపి, భేదాన్ని విశేషణంగా చెప్పే ఆ పద్ధతి మన జాలరుల వర్గీకరణ దృష్టికి సాక్ష్యం. అక్వేరియం చేపలు పరదేశం నుంచి పేర్లతో సహా వచ్చినవి. వాటికి తెలుగు పేర్లు సృష్టించడం కంటే, ఉన్న పేర్లకు నిర్దుష్టమైన తెలుగు వర్ణనలు సమకూర్చడం ముఖ్యం.

7. డెనిసన్ బార్బ్: దోషానికి మూల్యం

వర్ణనదోషం ఒక జాతి మనుగడకే సంబంధించినదని చూపడానికి దక్షిణ భారతంలోనే ఉదాహరణ ఉంది. పడమటి కనుమల నదుల్లో ఉండే ఒక అందమైన చేపను 1865లో ఫ్రాన్సిస్ డే వర్ణించి, నాటి మద్రాసు గవర్నరు విలియం డెనిసన్ పేరు పెట్టాడు. మూతి నుంచి నడిమి దాకా ఎర్రని గీత, దాని కింద తోక దాకా నల్లని గీత దీని వాడుక వర్ణన. 1999లో చాలక్కుడి నది పేరుతో మరొక జాతిని మేనన్, రెమాదేవి, తోబియాస్ వర్ణించారు. ఎర్రగీత, నల్లగీత దానికీ ఉన్నాయి. దాని వీపు వాజం మీద నల్లని మచ్చ ఉంటుంది, డెనిసన్ చేపకు ఉండదు. 2013లో ఈ రెండింటికీ సహ్యాద్రియా అన్న కొత్త ప్రజాతి ఏర్పడింది.

రెండూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య జాబితాలో అపాయంలో ఉన్న జాతులే. 2005 నుంచి 2012 వరకు భారతదేశం నుంచి ఎగుమతి అయిన మంచినీటి అలంకార చేపలను పరిశీలించిన ఒక అధ్యయనం, ముప్పులో ఉన్న 30 జాతులకు చెందిన కనీసం 15 లక్షల చేపలు విదేశాలకు వెళ్లాయని లెక్కించింది. అందులో ఎక్కువ వాటా ఉన్నవాటిలో ఎర్రగీత బార్బ్‌లు ఉన్నాయి. అయితే వాటిని రెండు జాతులుగా విడదీసి కాక ఒక సముదాయంగానే లెక్కించవలసి వచ్చింది. 'ఎర్రగీత' అన్న అతివ్యాప్తి వర్ణన ఎగుమతి చీటీ దాకా వెళ్లాక, ఏ జాతి ఎన్ని తగ్గిందో తిరిగి తెలుసుకునే దారి మూసుకుపోతుంది. ఒక జాతి క్షీణిస్తున్నా, మొత్తం సంఖ్య నిలకడగా ఉంటే ఆ క్షీణత లెక్కలో కనిపించదు. వీపు వాజం మీది ఒక్క మచ్చను చీటీలో రాయకపోవడానికి చెల్లించిన మూల్యం ఇది.

8. ముగింపు

రంగును విడిచిపెట్టాలన్నది ఈ పరిశీలన సారాంశం కాదు. పళ్ల వరుస, ఎముకల నిర్మాణం, జన్యుక్రమం వంటి స్వరూపలక్షణాలు అద్దం వెలుపల నిలబడినవారికి అందవు. బతికున్న చేపను చూసి గుర్తించవలసినవారికి తటస్థలక్షణాలే దిక్కు. వాటిని తటస్థలక్షణాలుగా చెప్పకపోవడమే దోషం. ఈ దృష్టితో తేలిన అంశాలు ఇవి:

1. రంగు పేరు చెప్పే వర్ణన కంటే రంగు ఎల్లలు చెప్పే వర్ణన మేలు. ఒక్క గుర్తు చాలనిచోట రెండు మూడు గుర్తులను కలిపి చెప్పాలి.

2. ఏ వయసు చేపకు, ఏ వెలుతురులో, ఏ స్థితిలో ఆ గుర్తు వర్తిస్తుందో వర్ణనలోనే పేర్కొనాలి.

3. పెంపకంలో పుట్టిన రూపభేదాలను జాతుల నుంచి వేరుగా చూపాలి. లేనిపక్షంలో లక్ష్యశూన్యత తప్పదు.

4. 'అసలు', 'నకిలీ' వంటి తీర్పులకు వర్ణనలో స్థానం లేదు.

5. వర్తకపు చీటీ కూడా ఒక వర్ణనే. అపాయంలో ఉన్న జాతుల విషయంలో దానిని నిర్వచనానికి ఉన్నంత కట్టుదిట్టంగా రాయాలి.

తెలుగులో అలంకార మత్స్యాల గురించి వచ్చే రచనలు ఈ ప్రమాణాలను పాటిస్తే, వందల ఏళ్లుగా గోవు మీద, కొలనులోని పద్మాల మీద సానబట్టిన మన పరీక్షాపద్ధతి జాలరికీ, పెంపకందారుకూ, పరిశోధకునికీ పనికివస్తుంది.